బొంత కుట్టడం – త్యాగం, శ్రద్ధ, వినియోగం: ఒక నైతిక పరిశీలన

తెలుగులో 'బొంత' అనే మాటకు మర్యాద తక్కువ. పొందిక కుదరని నవలను విమర్శకులు 'అతుకుల బొంత' అని తీసిపారేస్తారు. నాలుగు పార్టీలు కలిసి ఏర్పాటు చేసుకున్న ప్రభుత్వాన్ని పత్రికలు ఇదే మాటతో ఎత్తిపొడుస్తాయి. 'గంతకు తగ్గ బొంత' అనే సామెత ఎవరినీ మెచ్చుకోవడానికి పుట్టినది కాదు. ఈ వాడుకలన్నింటిలోనూ బొంత అంటే గతిలేక కలిపి కుట్టినది, కలిసినా ఒకటి కానిది. అయితే నిన్నమొన్నటి వరకు చాలా తెలుగు ఇళ్ళలో పసిబిడ్డను ఒడిలోంచి దించి పడుకోబెట్టిన మొదటి పక్క ఈ బొంతే. భాషలో ఇంత చులకనైన వస్తువుకు ఇంట్లో అంత నమ్మకమైన చోటు ఎలా దక్కింది?

ఈ అంతరం వెనుక ఒక నైతిక ప్రశ్న ఉంది. తడిసి, ఉతికి, ఎండి, అరిగి, చివరకు మసిగుడ్డగా మారవలసిన వస్తువు మీద, దానిని ఎన్నటికీ జ్ఞాపకం పెట్టుకోలేని ఒక ప్రాణి కోసం, ఒక స్త్రీ గంటల తరబడి పనిచేస్తుంది. ఆ పనిని ఏమని పిలవాలి? మన సాహిత్యం, మన ఉపన్యాస వేదికలు అలవాటుగా ఇచ్చే జవాబు 'త్యాగం'. ఆ జవాబు సరిపోదని, పైగా అది చేసిన పనిని కనబడకుండా చేస్తుందని ఈ వ్యాసంలో చూపడానికి ప్రయత్నిస్తాను. ఈ ప్రశ్న నాకు గ్రంథాల నుంచి రాలేదు. మా ఇంటి నడవాలో, మా అమ్మ చేతిలోని కత్తెర వల్ల వచ్చింది.

నాలుగేళ్ళ క్రితం మాఘమాసంలో మా అమ్మమ్మ ఎనభై ఆరో ఏట కన్నుమూసింది. ఆమె చీరలు కూతుళ్ళు, కోడళ్ళు పంచుకోగా అమ్మ వంతుకు తొమ్మిది నేత చీరలు వచ్చాయి. అవి మంగళగిరివి, వెంకటగిరివి. కట్టీ కట్టీ మెత్తబడినవి. శ్రావణంలో అక్క మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు కొని సిద్ధం చేయడం మా ఇంట్లో కూడదు. పాతబట్టను కుట్టడం మాత్రం సిద్ధం చేయడం కిందికి రాదట. ఈ వెసులుబాటు ఎవరు కల్పించారో గాని, దాని ఆధారంగానే అమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. పక్కింటి పెద్దావిడ, "పోయినవాళ్ళ బట్టలు పసిబిడ్డకు వేస్తారటమ్మా?" అని అడిగింది. "ఎనభై ఆరేళ్ళు బతికిన మనిషి కట్టినవి పిన్నిగారూ, అంతకంటే ఆయుష్షు ఎక్కడి నుంచి తెస్తాను?" అని అమ్మ జవాబు చెప్పింది. అభ్యంతరం అంతటితో ఆగిపోయింది. నా అభ్యంతరం మాత్రం ఆగలేదు. స్త్రీల రచనలలో జ్ఞాపకం గురించి అప్పుడే నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం ముగించి ఉన్నాను. అమ్మమ్మ చీరను కత్తిరించడం నాకు ఒక రాతప్రతిని చించడంలా కనిపించింది. ఆ మాటే అన్నాను. అమ్మ కత్తెర ఆపి, "బీరువాలో పెట్టినా మడతల్లో పిగులుతుందే" అంది. మళ్ళీ తన పనిలో పడింది.

రెండు కంథలు

సంస్కృతంలో బొంతకు 'కంథ' అని పేరు. భజగోవింద శ్లోకాలలో వీధిలో పడి ఉన్న గుడ్డపేలికలతో కుట్టిన కంథను ధరించిన యోగి కనిపిస్తాడు. అంతకు ఎంతో పూర్వమే బౌద్ధ భిక్షువులు చెత్తకుప్పల్లోనూ శ్మశానాల్లోనూ ఏరిన పాంసుకూల వస్త్రాలను కుట్టుకుని కట్టారు. మగధలో గట్లతో విడివడి ఉన్న పొలాలను చూపి, చీవరాన్ని ఆ తీరులో కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుడిని అడిగినట్లు వినయపిటకంలోని మహావగ్గం చెబుతుంది. ముక్కలు చేసిన గుడ్డకు విలువ పోతుంది. విలువ పోయినదానిని ఎవరూ ఆశించరు. కనుక అతుకు అక్కడ వైరాగ్యానికి సాధనమైంది.

అదే దేశంలో, అవే పేలికలతో, ఇళ్ళలోని స్త్రీలు మరొక కంథను కుట్టారు. బెంగాల్‌లో కాంథా, మరాఠీలో గోధడి, కన్నడంలో కౌది, మనకు బొంత. సన్న్యాసి కంథ లోకం నుంచి విడిపోవడానికి పనికివస్తే ఈ కంథ లోకంలోకి అప్పుడే వచ్చిన ప్రాణిని పొదువుకోవడానికి పనికివచ్చింది. దార్శనిక వాఙ్మయం మొదటి కంథను ఎత్తి చూపింది. రెండవదానిని ఇంట్లోనే వదిలేసింది. తేడా గుడ్డలో లేదు. సన్న్యాసి ఏరుకున్న పేలిక ఎవరిదో తెలియనిది. తెలియకపోవడమే దానికి అర్హత. తల్లి చేతిలోని పేలిక ఎవరిదో, ఏ పెళ్ళికి కొన్నదో, ఎక్కడ మరకపడిందో అన్నీ తెలిసినది. అంటే వైరాగ్యానికి ప్రతీకగా నిలిచిన వస్తువునే ఆమె పూర్తిగా అనురక్తితో చేస్తుంది. అయినా దానిని దాచుకోదు. బిడ్డ కింద వేసి తడవనిస్తుంది. ఈ రెండవ అంశాన్ని గురించి మన తత్త్వచర్చ ఎక్కువగా మాట్లాడినట్టు లేదు.

త్యాగమనే మాట మూసేసినవి

త్యాగమంటే తనదైనదానిని వదులుకోవడం. ఆ మాట చేసినవారు ఏమి పోగొట్టుకున్నారో చెబుతుంది. ఏమి ఎరుగుదురో, ఏమి నిర్ణయించారో చెప్పదు. అమ్మ పనిలో నేను చూసినది ఎక్కువగా నిర్ణయాలు. కట్టిన చీర అంతటా ఒకేలా అరగదు. కూర్చునే చోట పల్చబడుతుంది. మడమలు తగిలే అంచు చివికిపోతుంది. లోపలికి దోపే చెరగు గట్టిగానే మిగులుతుంది. అమ్మ చీరను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, అరచేత్తో నిమిరి, ఈ మూడింటినీ వేరుచేసింది. పల్చబడి మెత్తనైనది బిడ్డ ఒంటికి తగిలే పై పొర. గట్టిగా ఉన్నది నేలకు ఆనే కింది పొర. రెండింటికీ పనికిరానివి మధ్య పొరల్లోకి. జరీ ఉన్న అంచులను ముందే కోసి పక్కన పెట్టింది, బిడ్డ చెంపకు గీసుకుంటుందని. ఉతికి, గంజి ఆనవాలు లేకుండా ఎండబెట్టి, నడవాలో పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు బరువు పెట్టి, ముడతలు లేకుండా లాగి, ముందు దూరదూరంగా టాకాలు వేసింది. తర్వాత అంచు నుంచి లోపలికి సాదా కుట్టు. మధ్యాహ్నం రెండేసి గంటల చొప్పున పదిహేను రోజులు పట్టింది. రెండు మూరల పొడవు, మూరన్నర వెడల్పు. అమ్మ చూపు తగ్గింది కనుక సూదిలో దారం ఎక్కించడం నా వంతు. ఆ పనికి కూడా ఆమె ఒక నియమం పెట్టింది. దారం చేతిపొడవు కంటే ఎక్కువ తీయకూడదు. తీస్తే చిక్కుపడుతుందట, తొందర ఉన్నవాళ్ళే పొడవు తీస్తారట. ఆ రెండవ మాట నన్ను ఉద్దేశించి అన్నదే.

ఎందుకింత వర్ణన అని పరిశోధన వ్యాసాల పాఠకులు అడగవచ్చు. ఈ వివరాలన్నీ త్యాగమనే మాటలో కరిగిపోయేవే. 'ఆమె కళ్ళు పోగొట్టుకుని కుట్టింది' అంటే మన కళ్ళు చెమరుస్తాయి. ఆమె చీరను వెలుతురులో చదివిందన్న సంగతి మాత్రం మనకు తెలియకుండా పోతుంది. కన్నీరు పెట్టుకున్నవాడికి పని నేర్చుకోవలసిన అవసరం తప్పిపోతుంది.

బొంత ఒక మూల అమ్మ అంగుళమంత నల్లగుడ్డ ముక్క కుట్టింది. అది దిష్టికి. వెచ్చదనానికి, మన్నికకు దానితో పనిలేదు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. ఆ స్త్రీలు పాతబట్టలతో 'కవంది' అనే బొంతలు కుడతారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డముక్కలు పొరలు పొరలుగా చేర్చిగాని బొంత ముగిసినట్టు భావించరు. వాటిని 'ఫూలా' అంటారు. అవి లేని బొంతను నగ్నమైనదిగా ఎంచుతారు. నల్లముక్క, ఫూలా ఒకటి కావు. కానీ రెండూ అవసరం తీరిన తర్వాత కూడా పని మిగిలి ఉంటుందని చెబుతున్నాయి. త్యాగం లెక్కలో ఈ మిగులుకు చోటు లేదు.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. నా చిన్నతనంలో వేసవి రోజుల్లో ఒక స్త్రీ వీధి వీధీ తిరిగి కూలికి బొంతలు కుట్టేది. మా అరుగు మీద కూర్చుని, మా పాత దుప్పట్లను మా అమ్మ కంటే వేగంగా, నా దృష్టిలో మా అమ్మ కంటే బాగా కుట్టింది. ఆమె చంకలో ఒక పిల్లవాడు ఉండేవాడు. వాడిని పడుకోబెట్టిన గుడ్డ బొంత కాదు, గోనెపట్టా. అమ్మ ఆమెతో కూలి బేరమాడింది. ఆ సంగతి నాకు స్పష్టంగా గుర్తుంది. అవే పొరలు, అవే కుట్లు. ఒకచోట వాటి పేరు మాతృత్వం, మరొకచోట కూలిపని. పని విలువ పనిలోనే ఉంటే ఈ రెంటికీ ఇంత దూరం ఉండకూడదు. మనం పొగుడుతున్నది పనిని కాదు, తల్లి అనే హోదాను అన్నమాట. అందువల్లనే ఆ పొగడ్త కూలి స్త్రీ వరకు చేరదు. నిజానికి తల్లి పని వరకు కూడా చేరదు.

ఈగ మరచిన పేరు

ఈ చర్చకు బలమైన అభ్యంతరం స్త్రీవాద సాహిత్యం నుంచే వస్తుంది. ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథను మనం పిల్లలకు నవ్వుతూ చెబుతాం. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఆ ఈగ గృహిణి అయింది. ఇంటిపనిలో మునిగి తన పేరును పోగొట్టుకున్న స్త్రీ దానిని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఆ కథ చదివిన తర్వాత బొంత కుట్టడంలోని వివేకాన్ని పొగడడానికి నోరు రాదు. ఆ పొగడ్త కూడా అలకడానికి ఇంకొక గదిని చూపించడమే కావచ్చు. నా వాదంలో ఈ ప్రమాదం ఉందని ఒప్పుకుంటాను.

అమెరికన్ తత్త్వవేత్త సారా రడిక్ 1989లో ప్రచురించిన 'మెటర్నల్ థింకింగ్' గ్రంథం ఇక్కడ కొంత దారి చూపుతుంది. బిడ్డ ప్రాణాన్ని కాపాడడం, ఎదుగుదలకు తోడ్పడడం, సమాజం ఆమోదించేలా తీర్చడం అనే మూడు అక్కరలకు బదులివ్వడమే మాతృకర్మ అని, అది సహజాతం కాక ఆలోచనతో కూడిన అభ్యాసమని ఆమె వాదించారు. ఆ కర్మ స్త్రీలకే పరిమితం కానక్కరలేదని కూడా అన్నారు. ఈ చివరి మాట లేకపోతే ముందరి మాటలన్నీ మళ్ళీ ఈగ దగ్గరికే తీసుకువెళతాయి. మా ఇంట్లో సూదికి దారం ఎక్కించినది నేను. నాన్న ఆ పదిహేను రోజులూ అదే నడవాలో పత్రిక చదివారు. బొంత పూర్తయిన రోజున 'బాగుంది' అన్నారు. ఆ మాటలో ప్రేమ లేదని అనను. అయితే మెచ్చుకోవడం, కుట్టడం ఒకే బరువు గల పనులు కావు. వాటిని ఎవరు పంచారన్నది బొంత అందాన్ని బట్టి తేలదు.

హన్నా ఆరెండ్ట్ 1958 నాటి 'ది హ్యూమన్ కండిషన్'లో శ్రమను, పనిని వేరుచేశారు. శ్రమ ఫలితం వెంటనే ఖర్చయిపోతుంది. వంట చేస్తే తినేస్తారు, మర్నాడు మళ్ళీ చేయాలి. పని మాత్రం బల్లవంటి, ఇల్లువంటి నిలిచే వస్తువులను లోకానికి ఇస్తుంది. వాడకంలో వస్తువులు అరుగుతాయని ఆమె ఎరుగుదురు. అయితే ఆ అరుగుదల ఆమె దృష్టిలో వాడకానికి తోడుగా వచ్చే నష్టమే గాని దాని ఉద్దేశం కాదు. బొంత ఈ విభజనను ఇబ్బంది పెడుతుంది. అది కృషితో చేసిన వస్తువే, కొన్నేళ్ళు నిలుస్తుంది కూడా. కానీ అరుగుదల దానికి ఆపద కాదు. చీరగా అరిగినందుకే అది పసిబిడ్డ ఒంటికి తగినదైంది. బొంతగా అరిగిన కొద్దీ ఇంకా తగినదవుతుంది. గంజిపెట్టిన కొత్త గుడ్డకు లేనిది, అరవై ఏళ్ళ ఒక శరీరం వాడి వాడి దానికి ఇచ్చినది, ఆ మెత్తదనమే. (పాలియెస్టర్ చీరలకు ఈ గతి పట్టదు. అవి అరగవు, తడి పీల్చవు, సూది కింద నిలవవు. మా తరం చీరలతో మా మనవలకు బొంతలు కుదరవని అమ్మ తేల్చేసింది.)

శ్రద్ధ

త్యాగానికి బదులు నేను 'శ్రద్ధ' అనే మాటను ప్రతిపాదిస్తాను. సంస్కృతంలో దాని ప్రధానార్థం విశ్వాసం. తెలుగు వాడుకలో అది మెలకువతో కూడిన పట్టింపుగా మారింది. శ్రద్ధగా చదువు, శ్రద్ధగా వండింది అంటున్నప్పుడు మనం నమ్మకం గురించి మాట్లాడడం లేదు, చూపు నిలపడం గురించి మాట్లాడుతున్నాం. త్యాగం చేసేవారి వైపు చూపిస్తే శ్రద్ధ ఎదుట ఉన్నదాని వైపు చూపిస్తుంది. ఈ చీర ఎక్కడ పల్చబడింది, ఈ చెంపకు ఏది గీసుకుంటుంది అనే ప్రశ్నలు శ్రద్ధవి. కూలి స్త్రీకి కూడా ఈ మాట వర్తిస్తుంది. త్యాగం వర్తించదు. పురుషునికీ వర్తిస్తుంది. అడగవలసిందల్లా, అతనిని ఆ మాటతో ఎందుకు కొలవడం లేదని.

ఆ మాట నుంచే 'శ్రాద్ధం' వచ్చింది. శ్రద్ధతో చేసేది శ్రాద్ధమని వ్యుత్పత్తి. మనిషి ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు ఋణపడి పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పింది. పితృఋణం సంతానం వల్ల తీరుతుంది. అమ్మమ్మకు మాసికాలు, సంవత్సరీకం మామయ్య పెట్టాడు. కూతురిగా అమ్మ ఆ రోజుల్లో వంటింట్లో ఉంది, విస్తరి వడ్డించింది. మంత్రంలో ఆమెకు భాగం లేదు. ఆ ఏడాదిలోనే ఆమె తన తల్లి చీరలను ముక్కలు చేసి, తన కూతురి బిడ్డ కోసం మళ్ళీ ఒకటిగా కుట్టింది. దీనిని నేను మరొక శ్రాద్ధంగా చదువుతున్నాను. ఇది నా వ్యాఖ్యానం. అమ్మ అలా అనలేదు. అడిగితే, "ఏదో పాతగుడ్డలు, ఊరకనే పోతాయని కుట్టాను" అంటుంది. కుట్టేటప్పుడు ఆమె ఏడవలేదు. ఒక్కసారి మాత్రం ఒక ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకా కర్పూరం వాసన వస్తోందని నాకు ఇచ్చింది. నాకు నాఫ్తలీన్ ఉండల వాసన వచ్చింది.

పోయినవారిపట్ల, పుట్టబోయేవారిపట్ల మన బాధ్యతలను నీతిశాస్త్రం వేరువేరు అధ్యాయాలలో చర్చిస్తుంది. మొదటివారికి జ్ఞాపకం బాకీ, రెండవవారికి సంరక్షణ బాకీ. బొంతలో ఈ రెండు బాకీలూ ఒకే గుడ్డతో తీరుతాయి. తీర్చే పద్ధతి మాత్రం జ్ఞాపకానికి ఇష్టమైనది కాదు. జ్ఞాపకం దాచమంటుంది, సంరక్షణ వాడమంటుంది. ఆలిస్ వాకర్ 1973 నాటి 'ఎవ్రీడే యూజ్' కథలో ఇదే ఘర్షణ. చదువుకుని పట్నం నుంచి వచ్చిన పెద్దకూతురు, అమ్మమ్మ దుస్తుల ముక్కలున్న బొంతలను గోడకు తగిలించడానికి అడుగుతుంది. చెల్లెలు వాటిని రోజూ వాడి పాడుచేస్తుందని ఆమె భయం. తల్లి వాటిని చెల్లెలికే ఇస్తుంది. ఆ కథను మా విభాగంలో బోధించేటప్పుడు విద్యార్థులు ఎప్పుడూ తల్లి పక్షమే వహిస్తారు, నేనూ వహిస్తాను. నడవాలో మాత్రం నేను ఆ పెద్దకూతురినే. దాచాలన్న కోరిక అంతా అహంకారమేనని నేను అనుకోను. అమ్మమ్మ చీర అంచును ఏ ఊరి నేతగాడు ఎలా నేశాడో చూపడానికి ఒక చీరైనా చెక్కుచెదరకుండా ఉండాలి కదా. బొంతలన్నీ అరిగిపోతే బొంతల చరిత్ర ఎవరు రాస్తారు? ఈ ప్రశ్నకు వాకర్ కథ జవాబు చెప్పదు. చెప్పనక్కరలేదు కూడా, అది కథ.

ఆనాడు కత్తిరించకుండా మిగిలిన ఒక్క చీరను అమ్మ నాకు ఇచ్చేసింది. నిజాం అంచు ఉన్న మంగళగిరి చీర. మూడేళ్ళుగా హాస్టల్ పెట్టెలో, తెల్ల కాగితంలో చుట్టి ఉంచాను. అక్క కూతురి బొంత ఇప్పుడు రంగు వెలిసి, రెండుచోట్ల మాసిక పడి, ఒక మూల నల్లముక్క ఊడి ఉంది. ఆ పిల్ల దానిని ఇల్లంతా ఈడ్చుకు తిరుగుతుంది, అది లేనిదే నిద్రపోదు. అది ఎవరి చీరో దానికి తెలియదు. అక్కకు మళ్ళీ ఆరో నెల. కిందటి వారం అమ్మ ఫోను చేసి, "నీ దగ్గరున్న చీర వాడుతున్నావా?" అని అడిగింది. లేదన్నాను. ఆ రాత్రి పెట్టె తెరిచి చూస్తే, మధ్య మడత వెంట జానెడు పొడవున పిగిలి ఉంది. ఆ సంగతి చెబితే ఇక అడగదనుకున్నాను. మర్నాడు చెప్పాను. "పరవాలేదు, ఆ చోటు మధ్య పొరలోకి వస్తుంది" అంది అమ్మ.